మా వాళ్లకు వద్దు, మీ వాళ్లకు పంపుతాం

పూర్వం పేకాట నడపాలంటే నానా యాతన. ఊరి చివర మామిడితోట చూసుకోవాలి. దారి మొదట్లో ఓ కుర్రాణ్ణి కాపలా పెట్టాలి. పోలీసు జీపు కనబడగానే గోడ దూకాలి. ఇప్పుడా శ్రమ లేదు. ఒక యాప్, ఒక సర్వరు, ఒక దీవి ఉంటే చాలు. జూదగాడు మంచం దిగనక్కర్లేదు, గోడలన్నీ జూదమే దూకుతుంది.

దీవులకు కొరత లేదు. కరీబియన్ సముద్రంలోని కురసావ్, బయటి దేశాలవాళ్లతో ఆడించే జూదం కోసం 1993లోనే ప్రత్యేక చట్టం చేసుకుంది. గుప్పెడుమందికి పెద్ద లైసెన్సులిచ్చింది. వాటి కింద పిల్ల లైసెన్సులు పుట్టలుపుట్టలుగా పుట్టాయి. పిల్లల అల్లరిని కనిపెట్టే పని కూడా ఆ పెద్దలకే వదిలేసింది. 2024 డిసెంబరులో గానీ కొత్త చట్టం రాలేదు.

ఫిలిప్పీన్స్‌ది ఇంకా నికార్సయిన దేశభక్తి. ఆ దేశం గడ్డ మీద నుంచి విదేశీయులతో జూదం ఆడించనిచ్చారు, సొంత పౌరులు మాత్రం ఆ సైట్లలో ఆడకూడదన్నారు. పరాయివాడి కోసం పెట్టిన దుకాణాల్లోంచి మనుషుల అక్రమ రవాణా, సైబరు మోసాలు బయటపడ్డాక 2024లో అధ్యక్షుడు మార్కోస్ వాటికి తాళం వేయించాడు.

మాల్టా ఐరోపా సమాఖ్య సభ్యదేశం కనుక పద్ధతిగా వెళ్లింది. అక్కడి లైసెన్సు కంపెనీల చేతిలో సొమ్ము పోగొట్టుకున్న ఆస్ట్రియా, జర్మనీ ఆటగాళ్లు, వీళ్లకు మా దేశంలో అనుమతే లేదంటూ తమ కోర్టుల్లో దావా వేసి గెలిచారు. తీర్పులు పట్టుకుని వసూలుకు బయలుదేరేసరికి, 2023లో మాల్టా చట్టాన్ని సవరించింది. అలాంటి తీర్పులను తమ కోర్టులు అమలు చేయరాదంది. జూదానికి సరిహద్దుల్లేవు, తీర్పుకు మాత్రం వీసా దొరకలేదు.

అన్ని దేశాలూ ఇంతేనా అంటే కాదు. బ్రిటన్ 2020 ఏప్రిల్‌లో క్రెడిట్ కార్డుతో జూదం బందు చేసింది. 2025లో ఆన్‌లైన్ స్లాట్ ఆటల్లో ఒక్కో పందేనికి 5 పౌండ్ల పరిమితి పెట్టింది, 25 ఏళ్లలోపువారికైతే 2 పౌండ్లే. జర్మనీలో నెలకు 1,000 యూరోలకు మించి జమ చేయడం కష్టం. ఆటగాడికి నీతులు చెప్పి ఊరుకోకుండా జేబు దగ్గర కాపలా పెట్టారు, మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఈ కట్టుబాట్లన్నీ లైసెన్సున్న బుద్ధిమంతులకే. పరిమితి నిండి బయటికొచ్చినవాణ్ణి పక్క దీవి యాప్ బోనసిచ్చి మరీ పిలుస్తుంది.

మనమేం తక్కువ తినలేదు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఏ రాష్ట్రంలో ఉన్నారని యాప్ అడిగితే, మన కుర్రాళ్లు ఫేక్ జీపీఎస్ పెట్టుకుని, కూకట్‌పల్లి హాస్టల్ మంచం మీద నుంచే మహారాష్ట్ర వెళ్లొచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవాడికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవాణ్ణి బాధితుడిగా చూసి శిక్ష లేకుండా వదిలింది, అది న్యాయం. భారత క్రికెటర్ల చొక్కా మీదున్న ఆన్‌లైన్ ఆటల కంపెనీ పేరు కూడా రాలిపోయింది. చిరునామా ఉన్న కంపెనీలు చట్టానికి తలవంచాయి. చిరునామా లేనివాటికి వంచడానికి తలేదీ? అవి టెలిగ్రామ్‌లో లింకులు పంపుకుంటూ, ఊరూపేరూ లేని బ్యాంకు ఖాతాల్లోకి డబ్బు లాక్కుంటున్నాయి.

అందుకే ప్రపంచ దేశాలకు ఒక మనవి. లైసెన్సిచ్చే హక్కు మీదే, ఫీజూ మీదే ఉంచుకోండి. ఒక్క షరతు ఒప్పుకోండి చాలు. డబ్బు ఎక్కడ పోతే కేసు అక్కడే నడవాలి. కంపెనీ కట్టకపోతే లైసెన్సిచ్చిన ఖజానా కట్టాలి. ఈ షరతు అమల్లోకొచ్చిన మర్నాడే, ఇంతకాలం పెట్టుబడి, ఉపాధి అని పాఠాలు చెప్పిన మంత్రులందరికీ జూదం వ్యసనమన్న సంగతి ఉన్నపళాన గుర్తొస్తుంది.