గులాబీ నెలొచ్చింది, పత్తి ఏరే వేళకు

అక్టోబర్ వస్తే చాలు, హైదరాబాద్ గులాబీ రంగెక్కుతుంది. చార్మినార్ మీద గులాబీ లైట్లు పడతాయి, మాల్ గుమ్మాలకు గులాబీ బెలూన్లు వేలాడతాయి, ఐదు కిలోమీటర్ల పరుగుకు టీషర్టుతో సహా రిజిస్ట్రేషన్లు మొదలవుతాయి. రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసమన్నమాట. ఆ రంగు రైలెక్కి జనగామలో దిగేసరికే చిక్కొస్తుంది. మా వైపు జనానికి గులాబీ అంటే తెలిసినవి రెండే. ఒకటి మెడలో పార్టీ కండువా, రెండోది పత్తికాయను లోపల్నుంచి తొలిచే పురుగు.

ఆర్టీసీ చౌరస్తాలో గులాబీ ఫ్లెక్సీ కట్టారనుకోండి. పత్తి ఏరబోతూ ఆటో కోసం నిలబడ్డ అవ్వ ఊరుకుంటుందా?

"ఏ లీడరొస్తున్నడు బిడ్డా?"

"లీడర్ గాదవ్వా, క్యాన్సర్ మీద అవగాహన."

"డాక్టరమ్మ చూస్తదా?"

"చూడదు. ర్యాలీ తీస్తం, రిబ్బన్ ఇస్తం."

"మరి కూలెంతిస్తరు?"

నవ్వకండి. ర్యాలీ అంటే లెక్క అడగాలని అవ్వకు ఎన్నికలే నేర్పాయి. పైగా అక్టోబర్ అంటే మా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పత్తి ఏరే కాలం. పొద్దున పదకొండుకు ఫంక్షన్‌హాల్లో సదస్సు పెడితే వచ్చేది ఎవరు? సెల్ఫీ దిగడానికి తీరికున్నవాళ్లు. రొమ్ములో గడ్డ ఉన్న మనిషి చేనులో ఉంటుంది.

ఈ గులాబీ నెలను ఎవరు ఖాయం చేశారో తెలుసా? 1985లో అమెరికాలో, అక్కడి క్యాన్సర్ సొసైటీతో కలిసి ఐసీఐ అనే కంపెనీ మందుల విభాగం. రొమ్ము క్యాన్సర్ మందు టామోక్సిఫెన్ తయారుచేసింది వాళ్లే, ఆ విభాగమే తర్వాత ఆస్ట్రాజెనెకాలో కలిసింది. మందు మంచిదే, ఎందరినో బతికించింది, అందులో పేచీ లేదు. కాకపోతే ఊళ్లో డప్పు కొట్టించినవాడూ, చౌరస్తాలో దుకాణం తెరిచినవాడూ ఒక్కడే అయితే మా అవ్వ కూడా ఓ చూపు చూస్తుంది.

రిబ్బన్ కథ ఇంకా బాగుంటుంది. 1990ల మొదట్లో షార్లెట్ హేలీ అనే కాలిఫోర్నియా ఆవిడ తన ఇంట్లోనే పీచు పండు రంగు రిబ్బన్లు కుట్టి పంచేది. వాటితోపాటు ఓ కార్డు: అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఏటా 180 కోట్ల డాలర్లు ఖర్చు పెడుతోంది, అందులో నివారణకు పోయేది 5 శాతమే, నాయకుల్ని నిలదీయండి అని. సెల్ఫ్ అనే పత్రికా, ఎస్టీ లాడర్ అనే సౌందర్య సాధనాల కంపెనీ వచ్చి ఆ రిబ్బన్ మాకివ్వమన్నాయి. వ్యాపారం చేస్తారు, ఇవ్వనంది. లాయర్లు ఆలోచించి రంగు మార్చమన్నారు. 1992లో గులాబీ రిబ్బన్ పుట్టింది. నిలదీయమనే కార్డు మాత్రం పుట్టలేదు. సర్కారును అడిగే ప్రశ్న పోయి, లిప్‌స్టిక్ కౌంటర్ మీద రిబ్బన్ మిగిలింది.

ఆ తర్వాత ఆగుతారా? 2010లో కేఎఫ్‌సీ వాళ్లు వేయించిన కోడిముక్కల్ని గులాబీ బకెట్లలో అమ్మారు. 2014లో బేకర్ హ్యూస్ అనే కంపెనీ చమురు, గ్యాస్ కోసం భూమిని తొలిచే వెయ్యి డ్రిల్ బిట్లకు గులాబీ రంగు పూసింది. మన భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్‌లో డంపర్లకు ఇంకా ఆ యోగం పట్టలేదు, సంతోషం. మనవాళ్లూ తక్కువేం తినలేదు. 2024 అక్టోబర్‌లో ఢిల్లీ మెట్రోలో ఓ పోస్టర్ వెలిసింది: నెలకోసారి మీ కమలాపండ్లు చూసుకోండి అని. రొమ్ము అనే మాట రాయడానికి సిగ్గుపడి, చెప్పాల్సిందాన్ని పండ్ల బండి ఎక్కించారు. జనం తిట్టాక తీసేశారు. అదే పోస్టర్ మహబూబాబాద్ మిర్చి మార్కెట్లో అంటిస్తే క్వింటాల్ ధరెంతని అడిగేవారు.

ఇక లెక్కలు. 2022లో దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు సుమారు 1.92 లక్షలు, పోయినవాళ్లు 98 వేలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. రిబ్బన్ చూసినవాళ్లెందరో ఆ సర్వే అడగలేదు గానీ, అడిగితే గెలిచేది రిబ్బనే.

పరీక్ష అంటే కోట్ల యంత్రమేమీ అక్కర్లేదు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్ల మీద ఇరవయ్యేళ్ల అధ్యయనం చేసి 2021లో ఫలితాలు ప్రకటించారు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షిస్తే, యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. చార్మినార్‌కు లైట్లేయించే ఉషాలక్ష్మి ఫౌండేషన్ కూడా, న్యాయంగా చెప్పాలంటే, రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఇలాంటి పరీక్షలు చేయించింది. పేపర్లో పడ్డది మాత్రం లైట్ల ఫొటోనే.

మా ఆడవాళ్లకు ఏం తెలియక కాదు. గడ్డ నొప్పి పెట్టదు, కాబట్టి పత్తి అయ్యాక చూద్దామనుకుంటారు. తర్వాత మిరప తోట. మధ్యలో ఆర్‌ఎంపీ రెండు సూదులేస్తాడు, ఇంకొకరు పసరు కడతారు. చివరికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానా. ఆధార్ కార్డుంటే ఆడమనిషికి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. భూపాలపల్లి నుంచి తోడొచ్చే మగమనిషికి ఉంది. ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది, పోయిన కూలిని భరించదు. ఏ గులాబీ ప్యాకెట్ మీదా ఈ ఖర్చుల ఊసుండదు.

కంపెనీ డబ్బు పాపమని నేననడం లేదు. అరబిందో ఫార్మా ఫౌండేషన్ డబ్బుతో అదే ఎంఎన్‌జేలో 2023లో కొత్త భవనం లేచింది. దానికి గులాబీ రంగు లేదు, మంచాలున్నాయి. సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సామాజిక బాధ్యత ఖాతాలోకి రాదని కేంద్రం 2021 నిబంధనల్లోనే రాసింది. రాసింది చదవడానికి కూడా ఒక అవగాహన మాసం పెడితే బాగుండు.

పరీక్షకు చోటు లేదనడానికీ లేదు. మా మూడు జిల్లాలకూ మెడికల్ కాలేజీలొచ్చాయి: మహబూబాబాద్‌కు 2022లో, మిగతా రెండింటికీ 2023లో. ప్రతి మంగళవారం ఆడవాళ్లకు పరీక్షలంటూ 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమం కూడా మొదలుపెట్టారు. కాబట్టి ఈసారి గులాబీ ప్యాకెట్ మీ చేతికిస్తే, ఇందులోంచి ఎన్ని రూపాయలు, ఏ దవాఖానాకు పోతాయో దుకాణంలో అడగండి. మంగళవారం ఇంట్లో ముప్పై దాటిన ఆడవాళ్లను వెంటబెట్టుకుని సర్కారు దవాఖానాకు వెళ్లండి, రొమ్ము పరీక్ష చేయమనండి. చేసే మనిషి లేదంటే, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వండి. తెల్ల కాగితమైనా తీసుకుంటారు.