పదమూడో ఏట జీను

"ఎనిమిదేళ్ళు" అన్నాడు నన్ను అమ్మడానికి తోలుకొచ్చినవాడు.

చాచా ఏమీ అనలేదు. ఎడమచేత్తో నా పైపెదవి ఎత్తి, ముందు వరసలో చివర ఉన్న పన్నును బొటనవేలితో తుడిచి, నా తల ఎండకేసి తిప్పి చూశాడు. మా జాతికి పదేళ్ళు దాటేసరికి ఆ పన్ను మీద చిగురు దగ్గర గోధుమరంగు గాడి ఒకటి మొదలవుతుంది. ఏటేటా కిందికి జరుగుతూ పదిహేనో ఏటికి పన్ను సగం దాకా, ఇరవయ్యో ఏటికి కొస దాకా వస్తుంది. సంత బేరగాడు ఎన్ని మాటలైనా చెప్పగలడు గానీ ఆ గాడిని చెరపలేడు.

"పదమూడు" అన్నాడు చాచా. "ఎనిమిదంటే నీ చిన్న పోరని వయసా భయ్యా?"

అమ్మేవాడు నవ్వేసి ధర తగ్గించాడు.

"మనిషి ఎక్కిండా దీని మీద ఎప్పుడన్నా?"

"లేదు చాచా. బగ్గీకే కట్టినం. మీద ఎవ్వరు ఎక్కలే."

పక్కన నిలబడ్డ మేడం మొహం వాడిపోయింది. యాభై మూడేళ్ళ వయసులో గుర్రపుస్వారీ నేర్చుకోవాలని ముచ్చటపడి, చేవెళ్ళ వైపు తనకున్న రెండెకరాల్లో లాయం కట్టించుకున్న మనిషి ఆవిడ. చాచా మలక్‌పేట రేసుకోర్సులో పొద్దున్నే పందెపు గుర్రాలను పరుగులకు తిప్పి తిప్పి రిటైరైనవాడు. నన్ను వద్దనేస్తారనుకున్నాను. చాచా నా నోరు ఇంకొంచెం తెరిచి, నాలుక కుడిపక్కనున్న గాటును చూశాడు. పెదవుల మూలల్లో గట్టిపడ్డ తెల్లమచ్చలను వేలితో తడిమాడు. "తీసుకుందాం మేడం" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

నా పూర్వకథ పెద్దదేం కాదు. నాందేడ్ జిల్లా మాళేగావ్‌లో ఖండోబా జాతరకు గుర్రాల సంత సాగుతుంది. నాలుగేళ్ళప్పుడు అక్కడే అమ్ముడుపోయాను. మా అమ్మది మార్వాడీ రక్తం. నా చెవుల కొనలు లోపలికి వంగుతాయి గానీ ఒకదాన్నొకటి తాకవు. సగం కులీనత అంటే ఇదే. పైగా నా నుదుట రెండు సుడులున్నాయి. గుర్రాల లక్షణాల మీద మన తెలుగులో మనుమంచి భట్టు పద్యాలే కట్టాడంటే సుడుల పట్టింపు ఎంత పాతదో చూడండి. మనుషులేమో అదృష్టవంతుణ్ణి "వాడికి సుడి ఉంది" అంటారు. నాకు రెండున్నాయి, గుర్రాలు కొనేవాళ్ళకేమో అది దోషం. దాంతో కొనేవాడికి అగ్గువైపోయాను.

పాతబస్తీలో తొమ్మిదేళ్ళు పెళ్ళి బగ్గీ లాగాను. కళ్ళకు గంతలు, రెండు పక్కలా నొగలు, ముందు బ్యాండు, వెనక జనరేటర్ బండి. నోట్లో ముళ్ళ కళ్ళెం. పగ్గం బిగిస్తే ముళ్ళు నాలుకను పట్టుకుంటాయి. ఆ నొప్పికి కాళ్ళు ఎత్తెత్తి వేస్తుంటే, గుర్రం ఎంత బాగా డాన్స్ చేస్తోందో అని నోట్లు తిప్పి పడేసేవారు. మాఘం, ఫాల్గుణం వస్తే నిద్ర లేదు. మూఢం వస్తే దాణా లేదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత ఉంది గానీ ముహూర్తాల్లేని నెలల్లో ఆ సామెత మా వీధిలోకి వచ్చేది కాదు. అలాంటి ఒక మూఢంలోనే నన్ను అమ్మకానికి పెట్టారు.

కొన్న మర్నాటి నుంచే జీను వేస్తారనుకున్నాను. రెండు నెలలు ఏమీ చేయలేదు. రక్తపరీక్షకు సూది గుచ్చి తీసుకెళ్ళారు. డాక్టరు వచ్చి నా నోట్లోకి ఆకురాయి పెట్టి దవడపళ్ళ అంచులు అరగదీశాడు. మా పళ్ళు బతికినన్నాళ్ళూ పైకి తోసుకొస్తూనే ఉంటాయి, అరుగుదల సమంగా లేకపోతే అంచులు కత్తుల్లా తేలి బుగ్గలను కోస్తాయి. తర్వాత నా వెనక ఎడమకాలు మడిచి పైకి పట్టుకుని ఒక నిమిషం పాటు అలాగే ఉంచి, వదిలి పరుగెత్తించాడు. రెండడుగులు కుంటాను. తొమ్మిదేళ్ళ తారురోడ్డు అలా బయటపడింది. "నడక, చిన్న పరుగు వరకు పర్వాలేదు. దూకించొద్దు" అన్నాడు.

ఛాతీ చుట్టూ టేపు చుట్టి లెక్క కట్టి 340 కిలోలన్నారు. గుర్రం తన బరువులో ఐదో వంతుకు మించి మోయకూడదన్నది స్వారీ వాళ్ళ లెక్క. అంటే 68 కిలోలు, అందులో జీను ఏడు. మిగిలింది 61. ఆ లెక్క విన్న రాత్రి మేడం అన్నం మానేసి పుల్కాలు తిన్నది.

ముదురు గుర్రానికి నేర్పడం కష్టమంటారు. నాకు తెలిసినంతలో ఆ మాట సగమే నిజం. గుర్రపుపిల్లకు ఏమీ రాదు కాబట్టి చెప్పింది చెప్పినట్టు ఎక్కుతుంది. వెన్నెముక ఎముకలు పూర్తిగా గట్టిపడటానికి మాత్రం ఐదారేళ్ళు పడుతుంది కాబట్టి తొందరపడి ఎక్కితే దానికే చేటు. నాకు ఆ బెంగ లేదు. నా చిక్కు వేరు. నాకు చాలా వచ్చు. వచ్చినదంతా తలకిందులు.

బండి గుర్రం బతుకంతా ఒక్కటే పాఠం: ఛాతీకి ఏది ఒత్తుకుంటే దాని మీదికి వాలు, నెట్టు. స్వారీ గుర్రం అందుకు విరుద్ధంగా ఒత్తిడి నుంచి పక్కకు తప్పుకోవాలి. మొదటిరోజు చాచా కళ్ళెమే లేకుండా మెత్తటి తాడు ముక్కుపట్టీ కట్టి, తాడును కాస్త కుడికి తీసి ఆగాడు. నేను అలవాటుగా ఎడమకు లాగాను. ఆయన లాగలేదు, వదల్లేదు, తిట్టలేదు. చింతచెట్టు నీడ నా గిట్టల మీంచి పక్కకు జరిగేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. చివరికి విసుగొచ్చి కుడివైపు ఒక అర అడుగు వేశాను. తాడు అప్పటికప్పుడే వదులైపోయింది. అంతే! నాకు ఆశ్చర్యమేసింది. తొమ్మిదేళ్ళలో నేను సరైన పని చేస్తే లాగడం ఆగిందన్న సంగతి నాకు ఒక్కసారీ తెలియలేదు, ఎందుకంటే లాగడం ఎప్పుడూ ఆగేది కాదు. చాచా నేర్పేదంతా ఆ వదలడంలోనే ఉంది. అర క్షణం ఆలస్యంగా వదిలితే నాకు అర్థంకాదు. మేడం మొదట్లో ఆలస్యంగా వదిలేది. ఆవిడ చేతులకు కూడా పాఠాలు జరిగాయి.

పొడుగు పగ్గాలు కట్టి వెనక నడుస్తూ తోలే పాఠం మాత్రం నేనే వాళ్ళకు నేర్పాను. వెనక మనిషి, ముందు దారి. ఇందులో నాకు పట్టా ఉంది.

బెదురు పోగొట్టాలని మేడం ఓ సాయంత్రం స్పీకరు తెచ్చి బ్యాండుమేళం మోగించింది. గంట సేపు. నేను కింది పెదవి వేలాడేసి, వెనక కాలు ఒకటి సడలించి, కునుకు తీశాను. పక్క దొడ్డి నుంచి గేదెలు తెంచుకుని పరుగెత్తాయి. నన్ను హడలగొట్టింది వేరే ఉంది. తెల్లవారుజామున చప్పుడే లేని ఆ మైదానం, అందులోంచి కాళ్ళ కింద లేచి అరిచే తీతువుపిట్ట. దాన్ని చూసి నేను ఎగిరిన ఎగురుడుకు చాచా చేతిలో తాడు జారి అరచెయ్యి బొబ్బలెక్కింది.

జీను పెట్టినప్పుడు గొడవ చేయలేదు. కడుపు కింద పటకా బిగించడం నాకు కొత్త కాదు. తర్వాత చాచా నా వీపు మీద బోర్లా వాలి, దిగి, మళ్ళీ వాలి, మూడు రోజులు అదే పని చేశాడు. నాలుగోరోజు కాలు అటు వేసి కూర్చున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాకు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. ముక్కు ముందర కొంచెం, తోక వెనక కొంచెం తప్ప చుట్టూ 350 డిగ్రీల దాకా కనిపిస్తుంది. కానీ నేను తొమ్మిదేళ్ళు గంతల వెనక బతికినదాన్ని. నా వెనక ఏముంటుందో, నా వీపు పైన ఏముంటుందో నాకు తెలియనే తెలియదు. ఎడమకంటికి కనిపిస్తున్న మనిషి ఉన్నట్టుండి మాయమై, కుడికంటికి ఒక బూటుకాలు ప్రత్యక్షమైంది! పులి మీద పడిందనే అనుకున్నాను. చాచా పెంటకుప్పలో పడ్డాడు. మెత్తటి చోటే.

మేడం కేక వేసింది. ఆయన లేచి, నెత్తిన గడ్డి దులుపుకుని, "తప్పు నాదే. పైన మనిషి ఉంటడని దీనికి ఎవలు చెప్పిన్రు?" అన్నాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు జీనే వేయలేదు. నీళ్ళతొట్టి గోడ పక్కన నన్ను నిలబెట్టి, గోడ మీద కూర్చుని, పైనుంచి నా వీపుకు మాలీషు చేశాడు. మాట పైనుంచి వచ్చేది. టోపీ ఎడమవైపు నుంచి కుడివైపుకు, కుడి నుంచి ఎడమకు పోయేది. గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు కూడా పైనుంచే వచ్చేవి. పదోరోజు గోడ మీంచి జీను మీదికి జరిగాడు. నేను మెడ తిప్పి బూటు వాసన చూశాను. పెంట వాసన ఇంకా పోలేదు.

మీద మనిషిని పెట్టుకుని నడవడం చూసేవాళ్ళకు తేలిక. నొగల మధ్య నడిచినన్నాళ్ళూ నేను తిన్నగా నడుస్తాననుకున్నాను, తిన్నగా ఉంచింది నొగలని తెలియలేదు. అవి లేకపోయేసరికి తాగినవాడిలా అటూ ఇటూ తూలాను. 54 కిలోల చాచా కాస్త పక్కకు వంగితే నా కాళ్ళు ఆ పక్కకే పోయేవి. లాగే గుర్రానికి బలమంతా ఛాతీలో, పిరుదుల్లో ఉంటుంది. మోసే గుర్రానికి వీపు కావాలి, పొట్ట కండరం కావాలి. అవి పదమూడో ఏట కొత్తగా పెంచుకోవాలి. అందుకని రోజుకు పావుగంట స్వారీ, మిగతాదంతా పక్కన నడుస్తూ మిట్టలెక్కడం, దిగడం, నేల మీద పరిచిన వాసాలు దాటడం. నాలుగు నెలలకు నడక కుదిరింది, ఆరో నెలలో చిన్న పరుగు. కాళ్ళతో డొక్కలు తాకితే ముందుకు పోవాలన్నది అన్నిటికన్నా ఆఖరున బుర్రకెక్కింది. బగ్గీలో నన్ను కాళ్ళతో అడిగినవాడు ఎవడున్నాడు?

మేడం అన్నాళ్ళూ నన్ను ఎక్కలేదు. "గుర్రానికి రాదు, మనిషికి రాదు. ఇద్దరినీ కలిపితే ఆస్పత్రి ఖర్చు" అని చాచా ఆవిణ్ణి ఒక స్వారీ బడికి తరిమాడు. అక్కడ ముసలి గుర్రాల మీద నేర్చుకుని, సాయంత్రాలు నా పక్కన మోడా వేసుకుని పుస్తకాలు చదివేది. జెనొఫోన్ అనే గ్రీకు సైనికుడు 2,300 ఏళ్ళకు పైగా ముందే గుర్రపుస్వారీ మీద రాశాడట. కోపంతో గుర్రం దగ్గరికి పోవద్దన్నాడట. మంచి మాట. గుర్రాన్ని కొనేముందు వయసు చూడాలనీ, పాలపళ్ళు రాలిపోయిన దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోలేమనీ కూడా అన్నాడట. ఆ పేజీ మనసులో చదువుకుని ఉండాల్సింది.

మొన్న మాఘంలో మేడం నన్నెక్కి మొదటిసారి ఊరి బయటికి తీసుకెళ్ళింది. చాచా పక్కన నడిచాడు. బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల దాకా పోయి వద్దామని. తిరిగివస్తుంటే ఎదురుగా పెళ్ళి ఊరేగింపు. డప్పు మొదలవగానే నా బుర్ర ప్రమేయం లేకుండానే కాళ్ళు లేచాయి. ఎడమ, కుడి, ఎడమ. పైన మేడం నా జూలు పట్టుకుంది.

"లాగకుండ్రి మేడం" అన్నాడు చాచా, గొంతు పెంచకుండా. "వదలుండ్రి."

పగ్గాలు వదులయ్యాయి. నా భుజాల మధ్య ఒక అరచెయ్యి వచ్చి ఆనింది, చెమటతో తడిగా. నోట్లో ముల్లు కోసం ఎదురుచూశాను. రాలేదు. ఇంకా రాలేదు. కాళ్ళు వాటంతటవే దిగాయి.

ఊరేగింపు మమ్మల్ని ఒరుసుకుంటూ పోయింది. బగ్గీకి తెల్లగుర్రం కట్టి ఉంది, ఆరేడేళ్ళుంటాయేమో. ఎత్తెత్తి కాళ్ళు వేస్తోంది. మూతి మీద నురగ గులాబీరంగులో ఉంది. నేను సకిలించాను. గంతలున్నాయిగా, అది నన్ను చూడలేదు.

మీ ఇంట్లో పెళ్ళికి గుర్రాన్ని మాట్లాడుకోవద్దని నేననను, ఆ కూలి మీదే మా కడుపులు నిండాలి. బరువులు లాగే జంతువుల కోసం కేంద్రం 1965లో తెచ్చిన నిబంధనల్లో ముళ్ళ కళ్ళెం వాడకూడదని రాసి ఉంది. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదనీ ఉంది. బయానా ఇచ్చేముందు గుర్రం నోరు ఒక్కసారి తెరిపించి చూడండి. ముళ్ళుంటే మార్పించండి, మార్చనంటే వేరేవాణ్ణి పిలవండి.