నా మేత లెక్క

నేను పెల్లెట్ల పొయ్యిని. వెల్దుర్తిలో ఒక ఇంటి వసారాలో ఉంటాను. పొద్దున్నే నా మీద ఇడ్లీ పాత్ర, టిఫిన్ల వేళ దాటాక ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్లు. ఇనుప ఒళ్లు, పక్కన కట్టె, పొట్టు పొడిని నొక్కి చేసే పెల్లెట్లు పోసే తొట్టి, అడుగున చిన్న ఫ్యాను. ఆ ఫ్యానే నా ఊపిరి. కింద నుంచి కొద్దిగా వదిలే గాలి పెల్లెట్లను కాల్చి వాయువుగా మారుస్తుంది. పై చిల్లుల్లోంచి దూసుకొచ్చే రెండో గాలి ఆ వాయువును మండిస్తుంది. మూడు రాళ్ల పొయ్యిలో పొగగా పోయేది చాలావరకు నా దగ్గర మంటవుతుంది.

నన్ను చూడటానికి అత్తాకోడళ్లు నరసరావుపేట వచ్చారు. అమ్మే అతను నా గొప్పలు చెబుతుంటే అత్తగారు మధ్యలో ఆపారు.

"పొలంలో పత్తి కట్టె ఊరికే పడుంటే, డబ్బులు పోసి ఈ ముక్కలు కొనాలా అమ్మాయ్?"

"కట్టె ఊరికే వస్తది అత్తయ్యా, నరికి మోసుకొచ్చే మనిషి ఊరికే రాడుగా. పొగ సంగతి సరేసరి."

ఆమె ప్రశ్న న్యాయమైనదే. పత్తి ఏరడం అయిపోయాక కట్టె చేలో ఉంచకూడదు, గులాబీ రంగు పురుగు అందులో మిగిలి పై పంటకు ఎక్కుతుంది. అందుకే పీకి గట్టున కుప్పేసి తగలబెడతారు. కళ్లముందు అంత వంటచెరకు బూడిదవుతుంటే ఎవరికైనా మనసొప్పదు. కానీ ఆ కట్టె పెల్లెట్టు కావాలంటే ఎండాలి, మరలో పొడి కావాలి, అచ్చులోంచి గట్టిగా నొక్కుకుని రావాలి, బస్తాకెక్కి బండి మీద రావాలి. ఆ ఖర్చంతా నా మేత ధరలో ఉంటుంది. ఊరికే దొరికే కట్టెతో డబ్బు విషయంలో నేను ఎన్నటికీ పోటీ పడలేను. నా పోటీ గ్యాసుతోనే.

ఆ లెక్క కోడలే కట్టింది. ఇంటి సిలిండరులో 14.2 కేజీల గ్యాసు. కేజీకి సుమారు 11,000 కిలోక్యాలరీలు, అందులో గిన్నెకు చేరేది 65 శాతం దాకా. కేజీ పెల్లెట్లలో సుమారు 3,800. నాలాంటి ఫ్యాను పొయ్యి కనీసం 35 శాతమైనా గిన్నెకు చేర్చాలని మన దేశ ప్రమాణం. అన్నీ గుణించి చూస్తే ఒక సిలిండరు చేసే పనికి నేను సుమారు 75 కేజీలు తినాలి. సిలిండరు 900 అనుకుంటే, కేజీ పెల్లెట్లు 12 రూపాయలు దాటితే ఇంటి వంటకు నేను దండగే. అందులోనూ రాష్ట్ర ప్రభుత్వ దీపం పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇంట్లో నాకు చోటే లేదు.

అయితే ఈ ఇంటివాళ్లలా టిఫిన్లు అమ్మే వ్యాపారానికి ఇంటి సిలిండరు వాడకూడదు. 19 కేజీల వాణిజ్య సిలిండరే కొనాలి, దానికి రాయితీ ఉండదు. ఆ సిలిండరు పనికి నాకు పట్టేది సుమారు 100 కేజీలు. అది 1,800 అనుకుంటే కేజీ 18 దాకా కొన్నా నష్టం లేదు. నా బతుకు ఆ ఆరు రూపాయల తేడాలో ఉంది.

నా ముందు తరం కథ కూడా ఇదే చెబుతుంది. 2006లో బీపీ కంపెనీ, బెంగళూరు ఐఐఎస్సీ పరిజ్ఞానంతో 'ఊర్జా' అనే పెల్లెట్ల పొయ్యిని ఊళ్లలోకి తెచ్చింది. నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ఆ పొయ్యి మంచిదే. కానీ చెరకు పిప్పి లాంటి ముడిసరుకు కోసం ఫ్యాక్టరీలూ పోటీకి రావడంతో పెల్లెట్ల ధర పెరిగింది, ఇళ్లలో ఊర్జాలు మూలన పడ్డాయి. తర్వాత ఆ వ్యాపారం హోటళ్ల వైపు మళ్లింది. ఇప్పుడు థర్మల్ కేంద్రాలు కూడా బొగ్గులో పెల్లెట్లు కలపాలని 2021లో కేంద్రం నిబంధన పెట్టింది. ఆ పెద్ద బాయిలర్లూ నేనూ ఒకే కంచంలో తింటున్నాం. అందుకే నన్ను కొనేవాళ్లు నా ధరకంటే ముందు నా మేత ఎవరిస్తారు, ఏడాది పొడుగునా ఇస్తారా అని అడగాలని నా కోరిక.

కోడలు అదే అడిగింది. ఒక బస్తా పట్టుకెళ్లి, వండి, బూడిద తూచాకే బయానా ఇచ్చింది. పొట్టు, పత్తి కట్టె పెల్లెట్లకు బూడిద ఎక్కువ, అది కరిగి గట్టిపడితే నా గాలి చిల్లులు మూసుకుపోతాయి. ఇక నా ధర మీద పడ్డ ఖర్చులు: కరెంటు పోయినా ఫ్యాను ఆగకుండా ఒక బ్యాటరీ, పొగ గొట్టం, రేకు కింద గాలి ఆడేందుకు జానెడు సందు, బస్తాలకు ఎత్తైన చెక్కబల్ల. తడి తగిలిందంటే పెల్లెట్టు పొడైపోతుంది. తలుపులు మూసిన గదిలో మాత్రం నన్ను వెలిగించకండి. పొగ కనపడకపోయినా ప్రాణం తీసే వాయువు నా మంటలోనూ పుడుతుంది.

ఇంట్లోవాళ్ల అన్నం, కూర ఇప్పటికీ గ్యాసు మీదే. నాకు అందులో చిన్నతనం లేదు.

మొన్న బస్తాలు దించడానికి వచ్చిన అతన్ని అత్తగారు నా పక్కనే నిలబెట్టి అడిగారు: "మా పత్తి కట్టె తీసుకుంటావా అబ్బాయ్?"

"ఎండబెట్టి, ముక్కలు కొట్టిస్తే తీసుకుంటానమ్మా. ఒక్క ఇంటిదైతే బండి కిరాయికి కూడా రాదు, నలుగురు రైతులు కలవాలి."

"కలుపుతా. ముందు రేటు చెప్పు."