లక్క ప్లేటు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొన్నేళ్లకు షికాగో సౌత్‌సైడ్‌లో కొందరు ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టి, "పాత గ్రామఫోన్ ప్లేట్లేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడుగుతుండేవారు. పాతసామాన్లవాళ్లు కాదు. చదువుకున్న తెల్ల కుర్రాళ్లు. 1920లలో నల్లవాళ్ల కోసమని అచ్చేసిన బ్లూస్ రికార్డులు కొట్లలో దొరకడం ఎప్పుడో మానేశాయి. అందుకని అవి మోగిన ఇళ్లకే వెళ్లేవారు. అటక మీదో మంచం కిందో దుమ్ము కొట్టుకుపోయినదాన్ని పావు డాలరుకో అర డాలరుకో పట్టుకుపోయేవారు.

ఈ కథలో కుర్రాడు ఆ బాపతే. పేరెందుకు, వాళ్లలో ఎవరి కథైనా ఇలాగే ఉంటుంది. ఇతనికి బూగీవూగీ పియానో పిచ్చి. ఎడమచెయ్యి రైలు చక్రంలా ఒకే వరసను ఆపకుండా తిప్పుతుంటే, కుడిచెయ్యి తన ఇష్టం వచ్చినట్టు ఆడుకునే బాణీ అది. దానికి ఆ పేరు స్థిరపడేలా చేసిన రికార్డు 'పైన్‌టాప్స్ బూగీవూగీ'. పైన్‌టాప్ స్మిత్ దాన్ని వొకాలియన్ కంపెనీకి 1928 డిసెంబరు 29న వాయించాడు. వాయిస్తూనే, ఎప్పుడు కదలకుండా నిలబడాలో ఎప్పుడు ఊగాలో డాన్సు చేసేవాళ్లకు మధ్యమధ్య చెబుతుంటాడు. మూడు నెలలు తిరక్కుండానే షికాగోలోనే ఒక డాన్సుహాల్లో, గొడవలో పేలిన తూటా తగిలి పోయాడు. 24 ఏళ్లు.

కుర్రాడికి కావలసింది ఆ మొదటి అచ్చు. ఇక టామీ డోర్సీ పేరు అతని దగ్గర ఎత్తకూడదు. అదే పాటను డోర్సీ 1938లో తన పెద్ద బ్యాండుకు అనువుగా మార్చి విక్టర్ కంపెనీలో రికార్డు చేశాడు. 1942 ఆగస్టు నుంచి సంగీతకారుల సంఘం సమ్మె కట్టి కొత్త రికార్డింగులు ఆపేసింది. విక్టర్‌వాళ్లు 1943లో ఆ పాతదాన్నే మళ్లీ బజార్లోకి వదిలితే జనం విరగబడి కొన్నారు. (వింటే బాగానే ఉంటుంది. ఈ మాట ఆ కుర్రాడితో అనకండి.)

ఒక ఇంట్లో ముసలావిడ తలుపు తీసింది. పైన్‌టాప్ పేరు వినగానే నవ్వింది.

"ఉండేది నాయనా. మా ఆయన కొన్నాడు. శనివారం రాత్రి వచ్చిందంటే ఇక అదే. అరిగిపోయేదాకా వేశాం."

కుర్రాడు అయిదు డాలర్ల నోటు బయటికి తీశాడు. "అరిగినా ఫరవాలేదమ్మా. ఎక్కడుంది?"

"యుద్ధంలో పోయింది."

యుద్ధానికీ ప్లేటుకీ సంబంధం లక్క. ఆ కాలపు ప్లేట్లకు బంధకం అదే. అది వెళ్లేది మన దేశం నుంచి, ఛోటానాగపూర్ అడవుల్లో లక్కపురుగులు కట్టిన కొమ్మల మీది నుంచి. యుద్ధంతో ఓడలదారులు చెడ్డాయి, ఉన్న సరుకేమో సైన్యానికి కావలసి వచ్చింది. 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డులకిచ్చే లక్కలో 70 శాతం కోత పెట్టింది. దాంతో చాలా కొట్లలో పాత ప్లేటు చేతిలో పెడితేగానీ కొత్తది ఇచ్చేవారు కాదు.

"కొట్టువాడు పాతది తెమ్మన్నాడు. ఎలాగూ అరిగిపోయిందే కదా అని దాన్నే ఇచ్చేశా," అందావిడ.

"దాన్నిచ్చి ఏం తెచ్చుకున్నారు?"

ఆవిడ బీరువా తెరిచి, కాగితం సంచీలోంచి ఒక ప్లేటు తీసి చూపించింది. విక్టర్ కంపెనీది. టామీ డోర్సీ, 'బూగీవూగీ'.

"అదే పాటని చెప్పాడు మరి."

కుర్రాడు మాట్లాడకుండా నోటు మడిచి జేబులో పెట్టుకోబోయాడు. ఆవిడ చెయ్యి చాచింది.

"ఆగు నాయనా. పాతవాటినేం చేస్తారని నేనూ అడిగా. పొడికొట్టి, కరిగించి, మళ్లీ ఇవే పోస్తామన్నాడు. మీ పైన్‌టాప్ ఎక్కడికి పోతాడు? ఇందులోనే ఎక్కడో ఉంటాడు. ఆ అయిదు డాలర్లూ ఇచ్చి పట్టుకెళ్లు."