ముసలివాళ్ల చేతిలో పని గుంజుకోకండి

మా రోజుల్లో మన ఊరు బయ్యారంలో ముసలివాళ్లకు పని మారేదే గానీ ఆగేది కాదు. నాగలి పట్టలేని తాత జనుపనార ముందేసుకుని ఎడ్లకు పగ్గాలు, తలుగులు పేనేవాడు. నాటుకు వంగలేని అవ్వ మోదుగాకులతో ఇస్తర్లు కుట్టేది. ఎండాకాలం తునికాకు సీజను వచ్చిందంటే అడవికి పోయేది వయసువాళ్లు, ఇంటికాడ కట్టలు కట్టేది ముసలివాళ్లు. కట్టకు 50 ఆకులు. చూపు మందగించిన తాతలు కూడా వేళ్ల కొసలతోనే లెక్క చూసుకుని, చిరిగిన ఆకును పక్కన పడేసేవాళ్లు. తండాల్లో పెద్ద వయసు ఆడవాళ్లు బట్టలకు అద్దాలు కుట్టేవాళ్లు. మిర్చి కల్లంలో తాలుకాయ ఏరడంలో ముసలమ్మలను మించినవాళ్లు ఉండేవాళ్లు కాదు. నోరు ముచ్చట్లు చెబుతూ ఉంటే చేయి దాని పని అది చేసుకుపోయేది.

ఇప్పుడేమైంది? పొద్దున లేస్తే ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట. "నువ్వు కూసో బాపూ, నేను తెస్త." "నీకెందుకే అవ్వా, మేం చేస్తం గద." చెంబు ఎత్తనివ్వరు, చేట పట్టనివ్వరు. అన్నం పళ్లెం కుర్చీ దగ్గరికే వస్తుంది, నీళ్ల గ్లాసు నోటి దగ్గరికే వస్తుంది. ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. కానీ ఆ ప్రేమ మనిషిని ముందు కుర్చీకి, తర్వాత మంచానికి కట్టేస్తున్నది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసువాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే కాళ్ల కండ దాదాపు కిలో కరిగిపోయిందని 2007లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన చెప్పింది. పది రోజులకే అట్లయితే, ఏళ్ల తరబడి కూర్చోబెట్టిన మన తల్లిదండ్రుల సంగతేమిటి?

ఇది నా సణుగుడు మాత్రమే అనుకోవద్దు. దీనికో వైద్యవిద్య ఉంది, పేరు ఆక్యుపేషనల్ థెరపీ. ఫిజియోథెరపీ అంటే ఇప్పుడు పల్లెల్లోనూ తెలుసు, దీని పేరు మాత్రం చాలామంది విననే లేదు. ఫిజియోవాళ్లు కండకు, కీలుకు బలం తెస్తారు. వీళ్లు ఆ ఉన్న బలంతోనే మనిషి తన అన్నం తాను కలుపుకునేట్టు, తన చీర తాను కట్టుకునేట్టు దారి చూపిస్తారు. మన దేశంలో ఈ చదువు కొత్తదేమీ కాదు. అమెరికాలో పుట్టి ఇక్కడి కోడలైన కమలా నింబ్కర్ 1950లోనే బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి బడి పెట్టింది. 1952లో దేశమంతటికీ సంఘం కూడా ఏర్పడింది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ విద్య మన వాకిలి దాకా రాలేదన్నదే నా బాధ.

అది ఏం చేయగలదో మా అక్క విషయంలో దగ్గరుండి చూశాను. పక్షవాతం వచ్చి ఆమె కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. వరంగల్‌లో ఒక థెరపిస్టు అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. చెయ్యి ఎత్తు, కాలు ఎత్తు అనలేదు. "అవ్వా, జబ్బు రాకముందు పొద్దంత ఏం చేసేదానివి?" అని అడిగింది. "ఏమున్నది బిడ్డా, పొయ్యి కాడ, మిర్చి కాడ" అంది అక్క. మర్నాడు ఆ అమ్మాయి ఒక చేటలో ఎండుమిరపకాయలు తెచ్చి ముందు పెట్టింది. చచ్చుబడిన కుడి చేతిని చేట అంచు మీద బరువుగా ఆనించి, ఎడమ చేత్తో తాలు ఏరమంది. కొన్నాళ్లకు ఆ కుడి చేత్తోనే కాయల్ని పక్కకు నెట్టించింది. అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న మా అక్క, "ఇవేం కాయలే, అన్నీ తాలే" అని గదిరించింది. జబ్బు చేశాక ఆమె గొంతులో పాత ఇంటి యజమానురాలు మళ్లీ వినిపించడం అదే మొదలు.

తర్వాత ఒక్కొక్క పనీ విడగొట్టి నేర్పింది. రవిక తొడుక్కునేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. హుక్కుల చోట వెల్క్రో పట్టీ కుట్టించింది. ఒంటి చేత్తో తింటుంటే కంచం జారకుండా కింద తడిగుడ్డ వేయించింది. చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేయించింది, పట్టులేని వేళ్లకు అది అందుతుంది. చేతికర్ర బలం తగ్గిన కాలి వైపు కాకుండా రెండో వైపు చేతిలో ఉండాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలం లేని కాలు ముందు. నిలబడి చేతులు వేలాడేస్తే కర్ర పిడి మణికట్టు దగ్గరికి రావాలి. వీటిలో లక్షల ఖర్చు ఏదీ లేదు. చెప్పే మనిషి ఉంటే చాలు.

మా రోజులన్నీ బంగారమని నేననను. పక్షవాతం వస్తే పావురం రక్తం పూసేవాళ్లు, నూనెలు మర్దన చేసేవాళ్లు. గుణం కనబడకపోతే పశువుల కొట్టం పక్కన మంచం వేసి వదిలేసేవాళ్లు. మతి తప్పిన ముసలివాళ్లను చాదస్తమని పిల్లలు ఆటపట్టించేవాళ్లు. ఆ రోజుల్లో తెలియక జరిగింది. ఇప్పుడు తెలుసుకునే వీలుండీ పట్టించుకోకపోవడమే నాకు కోపం. మతిమరుపు జబ్బువాళ్ల ఇళ్లకు ఆక్యుపేషనల్ థెరపిస్టులను పంపి నెదర్లాండ్స్‌లో పరీక్షించారు. 135 మంది రోగుల మీద చేసిన ఆ పరిశోధన 2006లో అచ్చయింది. అయిదు వారాల్లో పది సార్లు కూర్చుని రోగికీ, చూసుకునేవాళ్లకూ కలిపి నేర్పితే రోజువారీ పనులు మెరుగుపడ్డాయి, చూసుకునేవాళ్ల ధైర్యమూ పెరిగింది. ఒకసారి ఒకే మాట చెప్పడం, వస్తువును ఎప్పుడూ ఒకే చోట పెట్టడం, చేయగలిగినంత వాళ్లతోనే చేయించడం. ఇవి ఏ కోడలికైనా, ఏ మనవరాలికైనా నేర్పగలిగినవే.

ఇళ్ల సంగతి చెప్పాలి. మా రోజుల్లో అలికిన మట్టినేల, లేకపోతే గరుకు బండలు. తడి కాలు పెట్టినా పట్టు దొరికేది. ఇప్పుడు అద్దంలా మెరిసే టైల్స్ వేసి, బాత్రూంలో కూడా అవే పరిచి, నాయిన జారి పడ్డాడని ఏడుస్తున్నారు. గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి, కూర్చుని నీళ్లు పోసుకోవడానికి కదలని పీట ఒకటి, రాత్రి లేస్తే దారి కనబడే చిన్న బల్బు ఒకటి పెట్టరు. మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, అప్పుడే ముసలి మనిషి తనంతట తాను లేస్తాడు. దుకాణంలో మంచం కొనేటప్పుడు ఆ మాట ఎవరికి గుర్తుంటుంది? 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికా డాక్టరు మనిషి స్వతంత్రతను ఆరు పనులతో కొలిచాడు: స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, మంచం దిగి కుర్చీకి మారడం, మలమూత్రాలు ఆపుకోవడం, తినడం. వీటిలో చాలామందికి ముందు చేజారేది స్నానమే, చివరిదాకా మిగిలేది తినడం. అంటే ఇల్లు బాగుచేయడం మొదలుపెట్టాల్సింది బాత్రూం నుంచే.

పరికరం కూడా మన బతుకును చూసి చేయాలి. 1968లో జైపూర్‌లో మాస్టర్ రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి కాలు పోయినవాళ్లకు జైపూర్ కాలు తయారుచేశారు. అది పెట్టుకుంటే గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, ఉత్తకాలితో పొలం గట్టున నడవొచ్చు. కింద కూర్చుని తినే దేశానికి పనికొచ్చే తెలివి అది.

"టీవీ పెట్టాం, ఫోన్ ఇచ్చాం, ఇంకేం కావాలి?" అంటారు ఇప్పటి పిల్లలు. దానికీ జవాబుంది. లాస్ ఏంజిలెస్‌లో 361 మంది పెద్ద వయసువాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఎవరి బతుక్కు తగిన పనులను వాళ్లు ఎంచుకోవడం, రోజులో ఇమిడ్చుకోవడం నేర్పారు. రెండో గుంపుకు ఊరికే కాలక్షేపం కల్పించారు. మూడో గుంపుకు ఏమీ చేయలేదు. 1997లో అచ్చయిన ఫలితం ఏమిటంటే, బాగుపడింది మొదటి గుంపే. కాలక్షేపం గుంపువాళ్లు ఏమీ చేయనివాళ్లకంటే మెరుగ్గా ఏం లేరు. పని మనిషికి తనదనిపించాలి. మా బావకు ఆయాసం. ఆయన కోరిక ఒక్కటే, కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన మన పెద్దచెరువు కట్ట దాకా నడిచి నీళ్లు ఎంత నిండాయో చూడటం. ఎండ రాకముందే బయల్దేరడం, ఆయాసం రాకముందే ఆగి కూర్చోవడం, మాట్లాడుతూ నడవకపోవడం అలవాటు చేసుకున్నాక ఆయన కట్ట ఎక్కుతున్నాడు. ఏ టీవీ ఆయనకు అంత తృప్తి ఇస్తుంది?

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. 2019లో వృద్ధుల ఆసరా పింఛను నెలకు 2016 రూపాయలు చేశారు. కేంద్రం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో రాష్ట్రీయ వయోశ్రీ పథకం మొదలుపెట్టి పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చెవి మిషన్లు, చక్రాల కుర్చీలు ఇస్తున్నది. 2021లో పార్లమెంటు చేసిన చట్టంలో ఆక్యుపేషనల్ థెరపీని వైద్య అనుబంధ వృత్తుల్లో చేర్చారు. 2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉన్న మన బయ్యారం ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది, మానుకోటలో (మహబూబాబాద్‌లో) 2022లో మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. ఇంత వచ్చాక మిగిలింది ఒక్కటే. కర్ర ఇచ్చిన చోటే దాని ఎత్తు సరిచేసి, ఏ చేత్తో పట్టుకోవాలో చూపించే మనిషి కావాలి. ప్రతి మండల కేంద్రంలో వారానికి ఒక్కరోజైనా ఆక్యుపేషనల్ థెరపిస్టు కూర్చోవాలి, మంచం దిగలేనివాళ్ల ఇంటికి వెళ్లాలి, ఆశా కార్యకర్తలకు ఈ పద్ధతులు నేర్పాలి. నాయకులు ఓటుకు వచ్చినప్పుడు పింఛను గురించి అడిగినట్టే దీని గురించి కూడా అడగండి.

అంతదాకా మీ ఇంట్లో మీరు చేయగలిగింది ఉంది. అవ్వకు చిక్కుడుకాయల గిన్నె అందించండి, తాతకు దూడ తాడు అప్పగించండి. ఆలస్యమైతే అవనీయండి, నాలుగు గింజలు కింద పడితే పడనీయండి. జారి పడకుండా పక్కన నిలబడండి, కానీ చేతిలోది లాక్కోకండి. చేయగలిగిన పనిని చేయనివ్వడమే పెద్దవాళ్లకు మనం చేసే అసలైన సేవ.