కీ మీటరు చెప్పుకున్న కథ

నేను బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఓ అద్దె ఇంట్లో మెట్ల కింద బిగించిన కరెంటు మీటరుని. ముందు డబ్బు, తర్వాతే వెలుగు. ఇక్కడ అద్దెకుండే ఆవిడ కీ పట్టుకెళ్లి వీధి చివరి కొట్లో డబ్బు ఎక్కించుకొచ్చి నాలో పెట్టాలి. అది అయిపోతే కాస్త అప్పిస్తాను. మళ్లీ కీ పెట్టగానే లాగేసుకుంటాను. ఒక్క బల్బూ వెలగకపోయినా స్థిర ఛార్జీ మాత్రం రోజూ కోస్తాను. నన్ను తిట్టుకుంటారు. న్యాయమే.

2022లో రష్యా ఉక్రెయిన్ మీద పడ్డాక గ్యాస్ ధర మండింది, దానితోపాటు నా రేటూ. అక్టోబరుకి బ్రిటన్ ద్రవ్యోల్బణం 11.1 శాతం. ఆ మే నెలలోనే ఆర్థికమంత్రి రిషి సునాక్, యూనివర్సల్ క్రెడిట్ లాంటి భృతి అందుకునే ఎనభై లక్షలకు పైగా కుటుంబాలకు తలా 650 పౌండ్లు ప్రకటించాడు. దరఖాస్తు లేదు, పన్ను లేదు. రెండు విడతలు: 326, 324. ఆ వంకర అంకెలు మోసగాళ్లకు అడ్డుకట్టట!

జూలైలో 326 పడ్డాయి. కొంత నాకు, కొంత పిల్లల బడి బూట్లకు. రెండోది రాలేదు. మెట్ల కింద ఉన్నవాణ్ణి, ఇంట్లో మాటలన్నీ వినపడతాయి. ఆమె జీతం నాలుగు వారాలకోసారి. కనుక ఏడాదిలో ఏదో ఒక నెల లెక్కలో రెండు జీతాలు పడతాయి. భృతిని ఏ నెలకానెల జీతం చూసి లెక్కిస్తారు కాబట్టి ఆ నెల అది సున్నా. రెండో విడతకు సర్కారు చూసింది ఆగస్టు 26, సెప్టెంబరు 25 మధ్య ముగిసిన నెలను. ఆమె రెండు జీతాల నెల సరిగ్గా అదే! పన్నెండింట పదకొండు నెలలు పేదరాలైనా ఆ ఒక్క నెలే లెక్కకొచ్చింది. మరుసటి ఏడు విడతలు మూడయ్యాయి: 301, 300, 299. ఒక్క నెల చూసి తేల్చే పద్ధతి మాత్రం మారలేదు.

ఇక ఆ 2022 చలికాలానికి కరెంటు, గ్యాస్ బిల్లుల కోసం అన్ని ఇళ్లకూ 400 పౌండ్లు వేరే. బ్యాంకు నుంచి బిల్లు కట్టేవాళ్లకు కాలు కదపకుండానే సాయం అందింది. నాలాంటి పాత కీ మీటర్లున్న ఇళ్లకు వోచర్లు: రెండు నెలలు 66, నాలుగు నెలలు 67. వాటిని పట్టుకుని పోస్టాఫీసుకో కొట్టుకో నడవాల్సి వచ్చేది, అదీ 90 రోజుల్లోపు. మా ఇంటి మార్చి వోచరు పాత అద్దెదారు పేరున వచ్చింది. ఫోన్లు చేసి చేసి మార్పించుకునేసరికి 2023 జూన్ నెలాఖరు. ఆ పథకం గడువే 30తో సరి. చలికాలపు 67 పౌండ్లు నాలో ఎండాకాలం పడ్డాయి. హీటరు అక్కర్లేదు కదా, ఆమె ఆ వారం ఇంట్లో దుప్పట్లన్నీ మెషీన్‌లో వేసి ఉతికేసింది.