బేతాళుడు నీతి అడగలేదు

పిల్లల పుస్తకం ఇంట్లో ఉండవలసిన చోటు నేలకు రెండడుగుల ఎత్తు. తెలుగిళ్లలో అది సాధారణంగా ఆరడుగుల ఎత్తున, హాల్లోని అద్దాల షోకేసులో, కొండపల్లి అంబారీ ఏనుగుకీ పరుగుపందెంలో పెద్దవాడికొచ్చిన కప్పుకీ నడుమ ఉంటుంది. తాళంచెవి అమ్మ దగ్గరుంటుంది. "ఇస్తే చింపేస్తారండీ" అన్నది కారణం. చింపుతారు, నిజమే. ఏడాది పిల్లకు పుస్తకం ముందు నోట్లో పెట్టుకునే వస్తువు, తర్వాత చింపే వస్తువు, ఆ తర్వాతే చూసే వస్తువు. ఈ వరుసను తప్పించే ఉపాయం ఎవరికీ దొరకలేదు గనుక, మందపాటి అట్టల బొమ్మల పుస్తకాలు కొనడం, చిరిగినవాటికి టేపు అంటించడం తప్ప దారి లేదు.

అక్షరాలు రాకముందే చదివి వినిపించడం మొదలుపెట్టాలి. అక్షరాలొచ్చాక కూడా మానకూడదు. ఈ రెండో సంగతే చాలామంది పట్టించుకోరు. పిల్ల గుణింతాలు దాటి వత్తులు కూడబలుక్కోవడం మొదలెట్టగానే "ఇంక నువ్వే చదువుకో" అని పుస్తకం చేతిలో పెట్టి తండ్రి టీవీ ముందు చేరతాడు. నిజానికి ఆ వయసులో విని అర్థం చేసుకోగల కథ, సొంతంగా చదవగల కథ కంటే చాలా పెద్దది. ఏడు సముద్రాలు దాటే రాజకుమారుడి కథ వింటున్న పిల్ల ఒక్కసారిగా "అల, వల, తల" దగ్గర కూలబడితే చదవడమంటేనే విసుగు పుడుతుంది.

రోజుకు పది నిమిషాలు చాలు. చిక్కల్లా ఆ పది నిమిషాలూ నెల్లాళ్లపాటు ఒకే కథకు పోవడం. విన్నదే వింటూ పిల్లలు మాటల్నీ వాక్యాల తీరునీ పట్టేస్తారు. నిద్ర ముంచుకొస్తున్న తండ్రి ఇది తెలియక ఒక పేజీ దాటేసి చూస్తాడు. "నాన్నా, మొసలి ఇంకా కోతిని వీపు మీద ఎక్కించుకోలేదు కదా!" అని దుప్పట్లోంచి వినబడుతుంది. వెనక్కి వెళ్లి ఎక్కించాకగాని ఇద్దరికీ నిద్ర ప్రాప్తం లేదు.

అసలు గండం కథ అయిపోయాక వస్తుంది. "ఈ కథలో నీతి ఏమిటి? పాత్రలెన్ని? రాజుగారి పేరేమిటి?" అంటూ పక్కమీదే యూనిట్ టెస్టు మొదలవుతుంది. 1947 జులైలో పుట్టిన 'చందమామ'లో దశాబ్దాల తరబడి విక్రమార్కుడి భుజమెక్కి తిరిగిన బేతాళుడు సైతం ఇంత పని చెయ్యలేదు. అతడెన్నడూ నీతి అడగలేదు. ఆమె ఎందుకలా చేసింది, ఇద్దరిలో తప్పెవరిది అని తనకు పుట్టిన సందేహం తీర్చమన్నాడు. జవాబు కథలో రాసి ఉండదు, ఆలోచించి చెప్పాలి. ఇంట్లో అడగదగిన ప్రశ్నలు ఇలాంటివే. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న షరతు తీసేస్తే బేతాళుణ్ణి మించిన పంతులు లేడు. పిల్లే ఎదురు ప్రశ్న వేస్తే మరీ మంచిది. "విక్రమార్కుడు మోసే శవం ఎన్ని కిలోలుంటుంది నాన్నా?" అంటే "తెలియదమ్మా" అన్నంత మాత్రాన తండ్రి పరువేమీ పోదు.

ఇక తప్పులు. పిల్ల "కుక్క"ను "కుక" అని చదవడమే తడవు, వంటింట్లోంచి అమ్మ, హాల్లోంచి నాన్న, ఊరి నుంచి వచ్చిన తాతయ్య ముక్తకంఠంతో "క్క!" అంటారు. వాక్యం పూర్తయ్యేదాకా ఓర్చుకుంటే చాలాసార్లు పిల్లే సరిచేసుకుంటుంది. "కుక మొరిగింది" అన్నది తన చెవికే తేడా కొడుతుంది. ఓర్చుకోకపోతే ప్రతి మాటకీ తలెత్తి పెద్దల మొహాలు చూడటం అలవాటవుతుంది. పుస్తకం మరీ కష్టమా అన్నది తేల్చుకోవడానికి ఒక లెక్క ఉంది: పేజీలో తెలియని మాట తగిలినప్పుడల్లా పిల్ల ఒక వేలు ముడుస్తుంది. అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ప్రస్తుతానికి పెద్దలు చదివి వినిపించవలసినది. ముడిచిన వేళ్లను పక్కనున్న తమ్ముడి మీద ప్రయోగించకుండా చూసుకోవాలి.

ఏది చదవాలన్నది పిల్లలకే వదిలేయడం మేలు. తల్లిదండ్రులు జనరల్ నాలెడ్జి పుస్తకం కొనిస్తే పిల్లాడు మిరపకాయ బజ్జీల పొట్లం కాగితం చదువుతాడు. నూనె మరకల వెనకున్న వార్త సగంలో తెగిపోతే మిగతా సగం కోసం ఇంకో పొట్లం కొనమంటాడు. అదీ చదవడమే. దుకాణాల బోర్డులు, సినిమా పోస్టర్లు, ఆర్టీసీ బస్సు పలకలు కూడా పనికొస్తాయి. విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లలకు ఈ వీధి చదువు లేదు. వాళ్లకు ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్' వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. తల్లిదండ్రులు కూడా అప్పుడప్పుడూ పుస్తకం పట్టుకుని కనబడాలి. ఫోనులోంచి తలెత్తకుండా "పుస్తకం తియ్" అనే తండ్రిని చూసి పిల్లలు నేర్చుకునేది ఫోనే.

పుస్తకాల ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతోంది. సొంతిల్లున్న వాళ్లంతా ఆ డబ్బు ఎప్పుడో కట్టేశారు, పుస్తకం తెచ్చుకోవడమే మిగిలింది. పిల్లల్ని వెంటబెట్టుకుని దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్లి సభ్యత్వం తీసుకోండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, చాలాచోట్ల ఆ రోజు సెలవు.